లేజర్ రేంజ్‌ఫైండర్ పది నెలలు వాడాక

గోల్ఫ్‌లో బంతి వేయాల్సిన గుంట దగ్గర పాతిన జెండా ఎంత దూరంలో ఉందో కొలిచి చెప్పే పరికరం ఇది. పద్నాలుగు వేలు పెట్టి కొన్నాను, పది నెలలుగా దాదాపు ప్రతి ఆదివారం వాడుతున్నాను, రేపు పోగొట్టుకుంటే ఎల్లుండి మళ్లీ కొంటాను. తొందరలో ఉన్నవాళ్లకు ఈ మాట చాలు. ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే కొన్న మొదటి నెలంతా నేను దీన్ని తప్పుగా వాడాను, చుట్టూ చూస్తే చాలామంది ఇప్పటికీ అలాగే వాడుతున్నారు.

బ్రాండు పేరు రాయడం లేదు. నాకు వచ్చిన మొదటి పీసులో అద్దం లోపలివైపు మరక ఉంది, తుడిస్తే పోయేది కాదు. దాన్ని మార్చి ఇవ్వడానికి అమ్మినవాళ్లు పదకొండు రోజులు తీసుకున్నారు, రెండోది మాత్రం బాగానే ఉంది. ఈ ధరలో దొరికేవి చాలావరకు ఒకే రకం. ఆరు రెట్లు దగ్గరగా చూపించే ఒంటికంటి బైనాక్యులర్ లాంటిది, పైన ఒక బటన్, జెండా దొరికితే చేతిలో చిన్నగా వైబ్రేషన్, ఎత్తుపల్లాలు లెక్కేసే స్లోప్ మోడ్. నా స్నేహితురాలి దగ్గర బుష్‌నెల్ కంపెనీది ఉంది, దాని ధర నాదానికి రెట్టింపు పైనే. అందులోంచి చూస్తే జెండా ఇంకా తేటగా కనిపిస్తుంది, పట్టుకోవడం కూడా త్వరగా పట్టుకుంటుంది. కానీ ఒక రౌండంతా ఇద్దరం పక్కపక్కన నిలబడి కొలిస్తే రెండింటికీ ఎక్కడా ఒక గజం మించి తేడా రాలేదు. చేతులు వణికేవాళ్లకు, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఆ ఎక్కువ డబ్బు దండగ కాదు. నాకు ఇది సరిపోయింది.

గజం అంటున్నాను కదా, యార్డు అంటే మన గజమే, మూడడుగులు. అనంతపురంలో పెరిగిన నాకు గజాలంటే ఇళ్ల స్థలాల రిజిస్ట్రేషనే గుర్తొచ్చేది. రెండు వందల గజాల స్థలం అంటే కళ్ల ముందు కనిపిస్తుంది, అదే నూట ముప్ఫై గజాల దూరం ఎంత ఉంటుందో చూపించమంటే మనలో ఎవరికీ చెయ్యి ధైర్యంగా లేవదు. పైగా బెంగళూరులో స్థలాలు థర్టీ ఫార్టీ అంటూ అడుగుల్లో అమ్ముతారు, ఇక్కడ ఇరవై ఏళ్లు ఉండి ఆ ఉన్న కాస్త అంచనా కూడా పోయింది.

నేను ఆడేది ఊరికి తూర్పున ఉన్న ఒక గోల్ఫ్ కోర్సులో, అంటే గోల్ఫ్ మైదానంలో. నలభై దాటాక నేర్చుకున్నాను, హ్యాండిక్యాప్ ఇరవై రెండు, అంటే బాగా ఆడిన రోజు కూడా ఉండాల్సినదానికన్నా దాదాపు అన్ని స్ట్రోకులు (దెబ్బలు) ఎక్కువ పడతాయి. బంతిని దూరం కొట్టే బలం నాకు లేదు, అందుకే దూరాల లెక్క నాకు అందరికన్నా ముఖ్యం. గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఈ ఊరి అమ్మాయే కదా. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె చివరి రౌండు చూడటానికి తెల్లవారకముందే లేచి కూర్చున్నాను. నాలుగో స్థానం, కాంస్యానికి ఒక్క స్ట్రోకు తక్కువ, బ్యాగు మోసింది వాళ్లమ్మ. ఆమెకన్నా ఎంతో దూరం కొట్టేవాళ్ల మధ్య నిలబడి, వాళ్లు ఐరన్‌తో (తక్కువ దూరానికి వాడే క్లబ్బు, అంటే బంతిని కొట్టే కర్ర) కొట్టే చోట తను వుడ్ (ఎక్కువ దూరానికి వాడే క్లబ్బు) తీసుకుని కూడా గ్రీన్ మీద, అంటే జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, వేస్తుంటే, బలం లేనివాళ్లకు ఆట లేదనే మాట ఇంకెప్పుడూ నమ్మకూడదనుకున్నాను.

కోర్సులో దూరం గుర్తులు ఉంటాయిగా, మళ్లీ ఇదెందుకు అని మా ఆయన అడిగారు. ఉంటాయి. కానీ మా దగ్గర 150 అని ఉన్న గుర్తు గ్రీన్ మధ్యభాగానికి లెక్క. జెండా రోజూ మధ్యలో ఉండదు. ముప్ఫై గజాల లోతున్న గ్రీన్ మీద జెండా ముందంచు దగ్గర పాతితే 138 అవుతుంది, వెనకంచు దగ్గర పాతితే 162. నాకు ఒక క్లబ్బుకీ దాని పక్క క్లబ్బుకీ తేడా పది గజాలు. అంటే అదే చోట నిలబడి, అదే బోర్డు చూసి, జెండా చోటును బట్టి రెండు క్లబ్బులదాకా తేడా వచ్చే అవకాశం ఉందన్నమాట. ఇన్నాళ్లూ నా స్వింగే బాగోలేదనుకున్న షాట్లలో సగం ఇలాంటివేనని ఇప్పుడనిపిస్తోంది.

ఇది పనిచేసే పద్ధతి కొంచెం తెలుసుకుంటే మోసపోరు. బటన్ నొక్కగానే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి చిన్న చిన్న తునకలుగా వెళ్తుంది, ఎదురుగా ఉన్నదానికి తగిలి వెనక్కి వస్తుంది, వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 150 గజాల దూరంలో ఉన్న జెండాకు వెళ్లి రావడానికి సెకనులో పది లక్షో వంతు కూడా పట్టదు. ఒక్క గజం తేడా కనిపెట్టాలంటే సెకనును వంద కోట్ల ముక్కలు చేసి అందులో ఆరు ముక్కల తేడాను పట్టుకోవాలి. అరచేతిలో పట్టే వస్తువు ఆ పని చేస్తోందని మొదటిసారి చదివినప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

చిక్కు ఎక్కడంటే, ఆ కాంతి సూదిమొనలా వెళ్లదు, దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. జెండా గుడ్డ చిన్నది, గాలికి ఊగుతుంటుంది, కర్ర సన్నం. కొంత కాంతి జెండాకు తగులుతుంది, మిగతాది దాటిపోయి వెనకున్న చెట్లకు తగిలి వస్తుంది. వచ్చిన రెండింటిలో దగ్గరిదాన్ని ఎంచుకోవడమే జెండా మోడ్ చేసే పని, అలా ఎంచుకుందని మనకు చెప్పేదే ఆ వైబ్రేషన్. కొన్ని కోర్సుల్లో జెండా కర్రకు కాంతిని వెనక్కి కొట్టే ప్రిజం బిగిస్తారు, అక్కడ పని సులువు. మా కోర్సులో అది లేదు.

కొన్న రెండో వారం, పదకొండో హోల్ (కోర్సులో ఒక్కో గుంటకు ఆడే భాగం). స్క్రీను మీద 146 వచ్చింది. బ్యాగు మోస్తూ సలహా చెప్పే క్యాడీ అన్న పక్కనే నిలబడి, "నూట ఇరవై కూడా ఉండదు మేడమ్" అన్నాడు. నాకూ అంత దూరం అనిపించలేదు. కానీ పద్నాలుగు వేలు పెట్టి కొన్నదాని మాట పక్కనపెట్టి కంటి మాట వినడం ఏమిటని సెవెన్ వుడ్ తీసి కొట్టాను, ఆ రోజుకి అదే బాగా తగిలిన షాటు, బంతి జెండా మీదుగా, గ్రీన్ మీదుగా పోయి వెనక నీలగిరి చెట్ల మొదట్లో పడింది. అక్కడికి నడిచి వెళ్లి వెనక్కి చూస్తే అప్పుడర్థమైంది. అది కొలిచింది జెండాను కాదు, ఆ చెట్లను. చేతిలో వైబ్రేషన్ రాలేదు, నేను పట్టించుకోలేదు.

అప్పటినుంచి ఒకసారి నొక్కి ఊరుకోను. జెండాను కొలుస్తాను, వెంటనే వెనకున్న చెట్టునో గట్టునో కావాలని కొలుస్తాను. రెండూ ఒకటే వస్తే జెండా దొరకలేదని అర్థం. ఆ తర్వాత గ్రీన్‌కు ముందున్న బంకర్ (ఇసుక గుంట) అంచు. ఈ మూడో అంకె నా ఆటను నిజంగా మార్చింది. జెండా ఎంత దూరమో తెలిస్తే ఎక్కడ పడితే సంతోషమో తెలుస్తుంది, బంకర్ అంచు ఎంత దూరమో తెలిస్తే ఎంతకు తగ్గకూడదో తెలుస్తుంది, మాలాంటి ఆటగాళ్లకు రెండోదే ఎక్కువ అవసరం. నాలుగో హోల్ పార్ త్రీ (మూడు స్ట్రోకుల్లో ముగించాల్సింది), మధ్యలో చెరువు. జెండా 111 చూపించినా నేను చూసేది అవతలి గట్టు రాళ్లనే, అవి 98. (నీటిని కొలవాలని చూడకండి, అంత వాలుగా పడిన కాంతి నీటి మీద జారి ముందుకే పోతుంది, వెనక్కి రాదు, గట్టునే కొలవాలి.) ఇంతకుముందు ఆ చెరువంటే ఉన్న టెన్షన్‌కి ప్రతిసారీ పెద్ద క్లబ్బు తీసి, భయంలో సగం కొట్టి, నీళ్లలోనే వేసేదాన్ని. ఇప్పుడు 98 దాటితే చాలని తెలుసు కాబట్టి చెయ్యి స్థిరంగా ఉంటుంది.

అయితే చెరువు దాటడానికి 98 కావాలని తెలిస్తే సరిపోదు కదా, నా క్లబ్బు ఎంత పోతుందో కూడా తెలియాలి. అసలు పని ఇక్కడే ఉంది, ఈ వస్తువు గురించి మాట్లాడేవాళ్లెవరూ దీని గురించి మాట్లాడరు. నా సెవెన్ ఐరన్ 130 పోతుందని నేను ఎన్నో ఏళ్లు నమ్మాను. డ్రైవింగ్ రేంజిలో (బంతులు కొట్టి సాధన చేసే చోట) 130కి దగ్గర పడుతోంది కదా అని. ఒకరోజు అదే రేంజిలో చాప మీద నిలబడి బోర్డులను కొలిచాను. 150 అని రాసిన బోర్డు 141 చూపించింది. గడ్డి అరిగిపోకుండా చాపలను ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటారు, బోర్డులు మాత్రం పాతిన చోటే ఉంటాయి. పైగా ఆ బంతులు అరిగినవి, మామూలు బంతుల్లా పోవు. అంటే ఆ బోర్డును నమ్మి వేసుకున్న లెక్కలేవీ లెక్కలు కావు.

తర్వాత కోర్సు ఖాళీగా ఉండే మంగళవారం మధ్యాహ్నాలు, అనుమతి అడిగి, నాలుగు వారాలు ఒకే పని చేశాను. బ్యాగును ఒకచోట నిలబెట్టి అక్కడినుంచి ఒక్కో క్లబ్బుతో గ్రీన్ వైపు పది బంతులు, ఆ పైన నడిచి వెళ్లి, బంతి ఆగిన చోటు కాదు, నేల మీద మొదట పడి గుంట చేసిన చోటు వెతికి, అక్కడ నిలబడి వెనక్కి తిరిగి బ్యాగును కొలవడం. సెవెన్ ఐరన్ 115. ఎయిట్ 105, నైన్ 94, పిచింగ్ వెడ్జ్ 82. నేననుకున్నదానికీ నిజానికీ సెవెన్ ఐరన్‌లో పదిహేను గజాల తేడా! ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి బ్యాగు జిప్పు లోపల అతికించాను. కొన్న డబ్బులకు నాకు దక్కిన అసలు విలువ ఆ కాగితమే. జెండా దూరం చూసి ఆగిపోయేవాళ్లకు ఇందులో సగం కూడా దక్కదు.

ఇక క్యాడీ అన్న సంగతి. ఆయనది కోలారు వైపు, ఇంట్లో తెలుగే, ఈ కోర్సులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాడు. మొదటి రోజు దీన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి కూడా చెబుతుందా మేడమ్ ఇది?" అని అడిగాడు. చెప్పదు అన్నా అన్నాను. "వాన పడి నేల మెత్తగా ఉందని?" అదీ చెప్పదు. ఆయన ఇంకేమీ అనలేదు, నాకు మాత్రం ఆ రెండు ప్రశ్నలు గుర్తుండిపోయాయి. బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు మొదలైంది 1876లో. ఈ ఊళ్లో ఆట అంత పాతది, మొన్నమొన్నటిదాకా దూరం చెప్పింది క్యాడీల కళ్లూ వాళ్ల అడుగులే. ఇప్పుడు ఈ పరికరం కొన్నాం కదా అని క్యాడీని వద్దనుకుంటున్నవాళ్లను చూస్తున్నాను, అది నాకు నచ్చడం లేదు, డబ్బు సంగతి పక్కన పెట్టినా ఆట పరంగా కూడా అది తప్పు లెక్క. మేం పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే ముందు ఆయన అంకె చెబుతాడు, తర్వాత నేను నొక్కుతాను. ఎక్కువసార్లు మూడు నాలుగు గజాల లోపే ఉంటుంది. అంతకు మించి తేడా వస్తే నేను మళ్లీ కొలుస్తాను, రెండోసారి కొలిచాక తప్పు నాదేనని తేలిన రోజులు చాలా ఉన్నాయి.

డిసెంబరు, జనవరి పొద్దుల్లో అయితే ఆయనే దిక్కు. ఆరున్నరకు మంచు పట్టి ఉంటే లేజర్ మంచుబిందువులకే తగిలి వెనక్కి వస్తుంది, ఎదురుగా జెండా లీలగా కనిపిస్తున్నా స్క్రీను మీద 20, 30 అని ఏవో అంకెలు, లేదంటే గీతలు. అప్పుడు ఆయన నేల మీద ఉన్న స్ప్రింక్లర్ మూత మీద రాసిన దూరం చూసి, జెండా ఈరోజు ముందుందో వెనకుందో పొద్దున్నే చూసుకుని ఉంటాడు కాబట్టి ఆ లెక్క కలిపి చెబుతాడు. మంచు విడిపోయేదాకా ఈ పెట్టె బ్యాగులోనే.

ఎండ గురించి ఒక హెచ్చరిక, ఇది తేలిగ్గా తీసుకోకండి. లేజర్ కంటికి ప్రమాదం లేని తరగతిదే. ప్రమాదమల్లా ఆరు రెట్లు పెద్దదిగా చూపే ఆ అద్దాలతోనే. తూర్పుముఖంగా ఉన్న హోల్స్‌లో ఉదయం ఏడింటికి సూర్యుడు జెండాకు కొంచెం పైన ఉంటాడు, ఆ అద్దంలోంచి పొరపాటున నేరుగా సూర్యుణ్ణి చూస్తే కంటికి కోలుకోని దెబ్బ తగలొచ్చు. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పే ఇవ్వండి.

బెంగళూరు వాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. మనం ఉన్నది సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. ఇక్కడ గాలి పలచన, బంతి కొంచెం ఎక్కువ దూరం పోతుంది. చెన్నైలో మా తమ్ముడితో నందనం కోర్సులో ఆడినప్పుడు, జిప్పు లోపలి కాగితం చూసుకుని కొట్టిన ప్రతి షాటూ మూడు నాలుగు గజాలు ముందే పడింది. మా తమ్ముడు అక్కడి తేమ వల్ల గాలి బరువెక్కుతుందని అన్నాడు, చాలామంది అదే అనుకుంటారు, నిజానికి తేమ గాలి పొడి గాలికన్నా కాస్త తేలిక, అసలు తేడా ఎత్తుదే. ఈ పరికరం చెప్పే దూరం రెండు ఊళ్లలోనూ నిజమే. మారేది మన క్లబ్బుల అంకెలు.

స్లోప్ మోడ్ మీద నాకు పెద్ద గొడవ లేదు. గ్రీన్ మనకన్నా పది గజాలు ఎత్తులో ఉంటే దాదాపు పది గజాలు కలిపి చెబుతుంది, కిందుంటే తీసేస్తుంది, నంది కొండల కింద ఆడినప్పుడు బాగా పనికొచ్చింది. కానీ పోటీల్లో అది ఆపేయాలి. 2019 నుంచి గోల్ఫ్ నియమాలు, పోటీ నడిపే కమిటీ ప్రత్యేకంగా వద్దంటే తప్ప, దూరం కొలవడానికి అనుమతిస్తున్నాయి, ఎత్తుపల్లాలు కొలవడానికి మాత్రం కాదు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పోటీలో) మొదటిసారి తప్పుకు రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారికి ఆటనుంచే తీసేస్తారు. అందుకే కొనేటప్పుడు స్లోప్ స్విచ్ బయటికి కనిపించేలా పక్కన ఉన్నదే కొనండి, మెనూలో దాచిపెట్టింది వద్దు. పక్కన ఆడేవాళ్లకు కూడా అది ఆఫ్‌లో ఉందని కనిపించాలి, అది మర్యాద కూడా. ఇలాంటివి వాడితే ఆటలో కళ పోతుందనే పెద్దవాళ్లకు ఒక్కటే చెబుతాను, పెద్ద ప్రొఫెషనల్ పోటీ అయిన 2021 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో వీటికి అనుమతి ఇచ్చారు, అందులో గెలిచింది యాభై ఏళ్ల ఫిల్ మికెల్సన్.

ఆట నెమ్మదిస్తుందనే ఫిర్యాదు మాత్రం నిజమే, తప్పు వాడేవాళ్లది. నియమాల్లోనే ఒక షాటుకు 40 సెకన్లు మించొద్దని సూచించారు. వేరేవాళ్లు కొడుతున్నప్పుడే, వాళ్లకు అడ్డం రాకుండా, మన మూడు అంకెలూ తీసుకుని ఉండాలి. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, సగం ఊపిరి వదిలి ఆపి నొక్కితే చెయ్యి కదలదు, ఒక్కసారికే దొరుకుతుంది.

నాది సీఆర్‌2 బ్యాటరీతో నడుస్తుంది. అయిపోతే పక్క వీధి కొట్లో దొరికే రకం కాదు, నేను ఎస్‌పీ రోడ్డు దాకా వెళ్లి తెచ్చుకున్నాను, ఇప్పుడు బ్యాగులో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంటుంది. ఛార్జింగ్ పెట్టుకునే రకాలు వస్తున్నాయి, మళ్లీ కొంటే అదే కొంటాను. సంచీకి ఇచ్చిన జిప్పు ఆరు నెలలకే ఊడింది. వానకు తడిసినా లోపలికి నీళ్లు పోలేదు, ఏసీ కారులోంచి తీయగానే మాత్రం అద్దం మీద ఆవిరి పడుతుంది, పది నిమిషాలు ముందే బయట పెట్టుకోవాలి.

జీపీఎస్ గడియారమా, ఇదా అని అడిగేవాళ్లకు: మలుపు తిరిగిన హోల్స్ ఎక్కువున్న కోర్సు అయితే, జెండా కనిపించని షాట్లు ఎక్కువైతే, గడియారం మేలు, ఎందుకంటే కంటికి కనిపించనిదాన్ని లేజర్ కొలవలేదు. ఆట మొదలుపెట్టి ఆరు నెలలు కాని వాళ్లకు రెండూ వద్దు. బంతి ఒకసారి అరవై, ఒకసారి నూట ఇరవై పోతున్నంత కాలం జెండా 117లో ఉందని తెలిసి చేసేదేమీ లేదు, ఆ డబ్బు కోచ్‌కి ఇవ్వండి. మిగతావాళ్లు కొనే ముందు ఎవరిదైనా అడిగి ఒక రౌండు వాడి చూడండి, అద్దంలోంచి చూస్తే మీ కంటికి జెండా తేటగా కనిపిస్తోందా లేదా అన్నది ఎవరి రివ్యూ చెప్పలేదు. మా కోర్సులో ఆడేవాళ్లయితే ఆదివారం పొద్దున్న ఆరింటికి మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర ఉంటాను, నాది తీసుకుని చూడొచ్చు.